ఊ కొట్టే పెట్టె

లిఫ్ట్ మెకానిక్ పొద్దున్నే పనికి పోయి, సాయంత్రం గ్రీజు చేతులతో ఇంటికొస్తాడు. తాళం తీస్తాడు, లైటు వేస్తాడు, ఒక్కడికే వండుకుంటాడు. భార్య అక్కగారింటికి వెళ్లిపోయినప్పటినుంచి ఇంతే. ఆవిడ పోట్లాడి వెళ్లలేదు. "మీతో మాట్లాడేకంటే గోడతో మాట్లాడుకోవడం నయం," అని బట్టలు సర్దుకుంది. మనిషి చెడ్డవాడేం కాదు. ఎంతసేపు చెప్పినా నోరు విప్పడు, అదొక్కటే. ఆదివారాలు ఆవిడ ఫోన్ చేస్తే శ్రద్ధగా వింటూ తలూపుతాడు. ఫోన్లో తలూపితే అవతలివాళ్లకి ఎలా తెలుస్తుందన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు.

"వచ్చే ఆదివారం ఇంకొక్కసారి చేస్తాను," అందావిడ పోయినసారి. "అప్పుడూ ఇలాగే ఉంటే ఇక్కడే గది తీసుకుంటాను. ఇక రాను."

ఆయన తలూపాడు.

ఇల్లు బావురుమంటుంటే ఉండలేక, పాటలైనా గట్టిగా మోగుతాయని సబ్‌వూఫర్ అనే పెద్ద స్పీకరుకి పెట్టె చెయ్యడం మొదలుపెట్టాడు. మందపాటి ప్లైవుడ్ కోసి, జిగురు రాసి, మరలు బిగించాడు. ముందుపక్క స్పీకరుకో కన్నం, దాని కింద గాలి పోవడానికి ఇంకో కన్నం. మొదటిదాంట్లో స్పీకరు బిగించి, రెండోదాంట్లో ప్లాస్టిక్ గొట్టం దూర్చాడు. గొట్టం పొడుగు పెరిగేకొద్దీ మోత లోతుకి దిగుతుంది. ఇంకా వైరు తగిలించకుండానే, "బాగానే కుదిరింది," అని పైకే అన్నాడు.

"ఊ," అంది పెట్టె.

ఆయన దాని పక్కనే చతికిలబడి, లిఫ్టులో ఇరుక్కున్న వకీలు సంగతి చెప్పాడు. ఊ. మోకాలి నొప్పి సంగతి చెప్పాడు. ఊ. ఒక్కడే కూర్చుంటే అన్నం సయించడం లేదని కూడా చెప్పాడు. ఊ. ఒకరు వింటుంటే ఇంత హాయిగా ఉంటుందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్లూ ఆవిడకి ఈపాటి ఊ కూడా దక్కలేదే అని ఏడుపొచ్చింది.

శనివారం, కింది వాటాలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ పైకొచ్చింది.

"ఏం బాబూ, నీ పెట్టె ఊ కొడుతుంటే మా గిన్నెలన్నీ అదిరిపోతున్నాయి. లోపల దూది పెట్టలేదా?"

"లేదండీ."

"అదీ సంగతి. మా నాన్న చేసినవీ అంతే. ఉత్త పెట్టెలు అయినదానికీ కానిదానికీ ఊ అంటాయి. లోపలి గోడలకి దూది అంటించు, సద్దుకుంటుంది. గొట్టం మూతికి మాత్రం అడ్డం పెట్టకు."

మనసొప్పలేదు. ఉన్న తోడు అదొక్కటే. కానీ పెద్దావిడ మాట తీసెయ్యలేక, ఆదివారం పొద్దున తలగడ చింపి, పెట్టె వెనక చెక్క విప్పి దూది పెట్టాడు. చెప్పినా వినకుండా గొట్టం మూతిదాకా కుక్కేశాడు.

"సరిపోయిందా?"

పెట్టె పలకలేదు. గాభరాగా గుప్పెళ్లతో దూది వెనక్కి లాగాడు. "ఇప్పుడో?" అన్నాడు. పలకలేదు. వైరు తగిలించి పాట పెడితే అదురూ బెదురూ లేకుండా శుభ్రంగా మోగింది. ఆపితే ఇంట్లో మళ్లీ ఏ అలికిడీ లేదు. పెట్టె మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాడు.

ఫోన్ మోగింది.

"అక్కకి రెండ్రోజులనుంచి జ్వరం," అందావిడ.

ఆయన అలవాటుగా తలూపాడు. ఛాతీ అడుగున ఏదో కదిలి, గొంతులోంచి బయటికొచ్చింది.

"ఊ."

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"గది చూసొచ్చాను. ఒక్క కిటికీ కూడా లేదు."

"ఊ."

"ఒక్కదాన్నే ఎలా ఉంటానో ఏమో."

"ఊ," అన్నాడాయన, ఈసారి ఏడుస్తూ.

"ఫోన్ పెట్టెయ్యకండి," అందావిడ. "ఆ గది వద్దని అక్కతో చెప్పొస్తాను. మీకు చెప్పాల్సింది బోలెడుంది."