తొక్కనీళ్ళు

ఇదంతా చేతులు పాడైపోవడంతో మొదలైంది.

ఆ హోటల్లో స్నానాలగదులు కడిగే మందు నీలం క్యాన్లలో వచ్చేది. మూత తీస్తే చాలు, కళ్ళు మండి నీళ్ళు కారేవి. చిన్నకోడలు రెండేళ్ళపాటు అందులో చేతులు ముంచి పనిచేసింది. వేళ్ళ సందులు పగిలిపోయి, అన్నం కలుపుకోలేక చివరికి చెంచాతో తినే స్థితికొచ్చింది. ఆ పని ఇప్పించింది తోటికోడలే. భర్త అన్నగారి భార్య, ఆ ఇంటి పెద్దకోడలు. అదే హోటల్లో శుభ్రం చేసేవాళ్ళందరికీ సూపర్‌వైజరు. “నా మొహం చూసి తీసుకున్నారు, నా పరువు తియ్యకు” అని చేరిన రోజు అన్న మాటను వారానికోసారైనా గుర్తుచేసేది. అందుకే చేతులు మండుతున్నాయని చిన్నకోడలు నోరెత్తలేదు.

హోటల్ కింది అంతస్తులో పండ్లరసాలు తీసే గది ఉండేది. రోజూ పొద్దున్నే అక్కణ్ణుంచి నిమ్మతొక్కలు, కమలాతొక్కలు, బత్తాయితొక్కలు బుట్టలకొద్దీ చెత్తలోకి పోయేవి. పులుపుకి లొంగని మురికి లేదని చిన్నకోడలి తల్లి అంటుండేది. ఆ మాట పట్టుకుని ఆమె రోజూ ఓ సంచీడు తొక్కలు ఇంటికి మోసుకెళ్ళి, వంటింట్లో ఊరబెట్టడం మొదలుపెట్టింది. మొదటి సీసా బూజు పట్టింది. రెండోది కుళ్ళింది. మూడోదాని మూత బిగించి మర్చిపోతే, లోపల గాలి పట్టి ఢామ్మని పేలింది. తొక్కలు పైకప్పుకి అతుక్కున్నాయి. మొగుడు లుంగీ చేత్తో పట్టుకుని వీధి మలుపుదాకా పరుగెత్తాడు. తిరిగొచ్చాక, “నీకు వంట అంతంతమాత్రమేనని తెలుసు గానీ, బాంబులు చెయ్యడం వచ్చని తెలీదే” అన్నాడు.

ఆరో సీసాకి పాళ్ళు కుదిరాయి. ఒక పాలు బెల్లం, మూడు పాళ్ళు తొక్కలు, పది పాళ్ళు నీళ్ళు. మొదటి నెలంతా రోజూ మూత వదులు చేసి గాలి పోనివ్వాలి. మూడు నెలలకి తేనెరంగు నీళ్ళు తేరుకుంటాయి. వాటిని వడకట్టి, పలచన చేసి తుడిస్తే కుళాయిల మీది ఉప్పుమరకలు చేత్తో తీసేసినట్టు పోయాయి. జిడ్డు పట్టిన గిన్నెలు, మసిబారిన కిటికీ అద్దాలు, సింకు గొట్టంలో కంపు, అన్నీ దారికొచ్చాయి. నీలం క్యాన్లు పక్కన పెట్టిన రెండు నెలలకి ఆమె వేళ్ళు మానాయి.

హోటల్లోనే ఊరబెడతానంటే పెద్దకోడలు మొదట మూతి విరిచింది. తర్వాత, “మెట్ల కింద పెట్టుకో. కంపు కొడితే మాత్రం నీదే పూచీ” అంది. మెట్ల కింద ఎనిమిది డ్రమ్ములు లేచాయి. ఏ డ్రమ్ము ఎప్పుడు నింపిందో చిన్నకోడలు సుద్దముక్కతో రాసుకునేది. గదుల్లో మంచి వాసన వస్తోందని బసకొచ్చినవాళ్ళు మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ మెప్పు యజమాని చెవిన పడింది.

ఆపైన పదిరోజులకి ఒక ఉదయం పెద్దకోడలు ఆమెను సామాన్లగదిలోకి పిలిచి తలుపు వేసింది.

“నీకెలా చెప్పాలో తెలీట్లేదే. మెట్ల కింద ఎలుకలు చేరాయిట. కుళ్ళు పెంచుతున్నావని పైనుంచి మాటొచ్చింది. రేపట్నుంచి రావద్దన్నారు. నేను ఎంతో చెప్పి చూశాను...”

పెద్దకోడలి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. చిన్నకోడలు ఆమె భుజమ్మీదే తల పెట్టి ఏడ్చింది. తన వల్ల అక్క పరువు పోయిందే అని, ఉద్యోగం పోయినందుకన్నా ఎక్కువగా ఏడ్చింది.

మూడు వారాల తర్వాత పక్కింటావిడ పేపరు తెచ్చి చూపించింది. “మీ తోటికోడలు కదూ?”

పెద్దకోడలే. ఇస్త్రీ చీర కట్టుకుని, తేనెరంగు సీసా పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నవ్వుతోంది. వెనక ఎనిమిది డ్రమ్ములు. సుద్దరాతలు కూడా చెరపలేదు. కింద ఆమె మాటలు: “ఏళ్ళ తరబడి మా వంటింట్లో ప్రయోగాలు చేశాను. ఒకసారి సీసా పేలితే మా ఆయన లుంగీ పట్టుకుని వీధిలోకి పరుగెత్తారు.”

తొక్కలు తీసుకుంది సరే. డ్రమ్ములు తీసుకుంది, సరే. నా మొగుడి లుంగీ కూడానా! అక్కడే చిన్నకోడలి లోపల ఏదో పుటుక్కున తెగింది. ఆ సాయంత్రం హోటల్ గేటు దగ్గరికి వెళ్ళి కాపలా తాతను అడిగింది. “ఎలుకలా? ఏ ఎలుకలమ్మా? నీ అంతట నువ్వే మానేశావని చెప్పిందే మీ అక్క” అన్నాడాయన.

చిన్నకోడలు అరవలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే అన్నదమ్ముల మధ్య చిచ్చు రేగుతుంది, అత్తగారు మంచం పడుతుంది. ఆ పేపరుముక్క చింపి, మడత పెట్టి, పోపులపెట్టె మూతలో దాచింది. రోజూ పొద్దున తాలింపు వేసేటప్పుడు ఒకసారి చదువుకునేది. పొద్దున్నే కోపం తాజాగా ఉండేది. ఇంట్లోనే రెండు డ్రమ్ములు పెట్టుకుని చుట్టుపక్కల ఇళ్ళకి తొక్కనీళ్ళు ఇస్తూ, ఒక కన్ను ఎప్పుడూ గుమ్మం మీదే ఉంచింది. వస్తుంది. ఆ ఎనిమిదీ అయిపోయాక రాక ఎక్కడికి పోతుంది?

వచ్చింది. ఏడో నెలలో, ఒక మధ్యాహ్నం, సంచీనిండా పండ్లతో.

“ఏమే చెల్లీ, చిక్కిపోయావే!” అంటూ బుగ్గలు పుణికింది. కూర్చుంది. అత్తగారి కళ్ళ గురించి, మరిది ఆరోగ్యం గురించి అడిగింది. పేపరు గురించి తనే ఎత్తింది. “వాళ్ళు ఏదేదో రాసుకున్నారులే. నేను నీ పేరే చెప్పాను, వాళ్ళే తీసేశారు.”

“పోనీలే అక్కా. ఇంట్లో ఎవరికి పేరొస్తేనేం” అంది చిన్నకోడలు. గొంతు ఎక్కడా వణకనందుకు తనకే ఆశ్చర్యమేసింది.

అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. పెద్దకోడలు నింపిన డ్రమ్ములన్నీ పురుగులు పట్టాయి. ఈలోగా యజమాని హోటల్ ముందు హాలంతా తెల్ల పాలరాయి పరిపించాడు. రేపే ప్రారంభం, పెద్దపెద్దవాళ్ళు వస్తారు. “బయటి మందులెందుకు సార్, మన నీళ్ళతో అద్దంలా చేస్తానని మాటిచ్చేశానే. ఒక్క డ్రమ్ము ఇవ్వు. నీ రుణం ఉంచుకోను.”

లేవబోతూ ఆగింది. “అన్నట్టు, పాలరాయికి పనికొస్తుందిగా?”

చిన్నకోడలి ఇంట్లో రొట్టెలు ఒత్తుకునే పాలరాతి పీట ఒకటుంది. కిందటేడాది దానిమీద ఈ నీళ్ళు ఒలికి ఒక గంటసేపు నిలిస్తే, నునుపంతా తినేసి తెల్లటి మచ్చ మిగిలింది. పులుపుకి లొంగని మురికి లేదన్న మాట నిజమే. మురికితోపాటు పాలరాయి కూడా లొంగుతుందని ఆమెకి ఆరోజే తెలిసింది. పీట ఇప్పుడు గోడకి ఆనించి, పెద్దకోడలు కూర్చున్న చోటికి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

రెండు క్షణాలు పట్టింది. ఒక క్షణం వద్దనబోయింది కూడా. రెండో క్షణంలో సామాన్లగదిలో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది.

“బ్రహ్మాండంగా పనికొస్తుంది. నీళ్ళు కలపకు, చిక్కగా పొయ్యి. ఒక పూట నాననిచ్చి తుడువు.”

డ్రమ్మును ఆటోలోకి ఎత్తడానికి తనే ఒక చెయ్యి వేసింది.

మర్నాడు ఉదయం తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని హోటల్‌కి వెళ్ళింది. ఖాళీ డ్రమ్ము కోసం వచ్చానంది. కాపలా తాత లోపలికి చూపిస్తూ, “వెళ్ళకమ్మా, అక్కడ కొంప మునిగింది” అన్నాడు. అందుకేగా వచ్చింది. అక్కడ పనిచేసినన్నాళ్ళూ వెనక తలుపు గుండానే వెళ్ళిన మనిషి, మొదటిసారి ముందు తలుపు గుండా నడిచింది.

హాలంతా బూడిద చల్లినట్టుంది. తుడుపుకర్ర తిరిగిన చోటల్లా గీతలు, నీళ్ళు నిలిచిన చోటల్లా సుద్దలాంటి మచ్చలు. పైన పూలదండలు కడుతున్నవాళ్ళు నిచ్చెనల మీదే ఆగిపోయి చూస్తున్నారు. నడిమధ్యన పెద్దకోడలు మోకాళ్ళ మీద కూర్చుని మచ్చల్ని గుడ్డతో రుద్దుతోంది. గుడ్డను మళ్ళీ మళ్ళీ ముంచుతున్నది ఆ తొక్కనీళ్ళలోనే. రుద్దినకొద్దీ మచ్చ పెద్దదవుతోంది. ఆపమని ఒక్కమాట అనొచ్చు. చిన్నకోడలు స్తంభానికి ఆనుకుని నిలబడి, తీరిగ్గా, కళ్ళారా చూసింది.

యజమాని నెత్తి మీద చేతులు పెట్టుకుని అరుస్తున్నాడు. “ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశానన్నావే! ఇదేనా నీ ప్రయోగం? పాలరాయి మీద పొయ్యకూడదని తెలీదా నీకు?”

“నాకేం తెలుసు సార్!” పెద్దకోడలు ఏడుపుగొంతుతో కీచుమంది. “నేను చేసింది కాదు సార్ ఇది! మా తోటికోడలు చేసింది! మొదట్నుంచీ అన్నీ దాని చేతివే!”

చిన్నకోడలు స్తంభం వదిలి ముందుకొచ్చింది.

“అవును సార్, ఎనిమిది డ్రమ్ములూ నావే. సీసా పేలింది మా ఇంట్లోనే, పరుగెత్తింది మా ఆయనే. చేసినవాళ్ళకి ఎక్కడ పొయ్యాలో ఎక్కడ పొయ్యకూడదో తెలుస్తుంది. ఎత్తుకొచ్చినవాళ్ళకి పొయ్యడం ఒక్కటే తెలుస్తుంది.”

పెద్దకోడలు తలెత్తి చూసింది. ముందుగా ఆ మంచి చీరను చూసింది. తర్వాత మొహంలోకి చూసింది. ఇప్పుడు ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఆ సాయంత్రం ప్రారంభానికి హాలంతా అద్దెకు తెచ్చిన తివాచీలు పరిచారు. పెద్దకోడలి సూపర్‌వైజరుగిరీ పోయింది. గిన్నెలు కడిగే చోటికి పంపితే, రెండ్రోజులు చేసి మానేసింది. చిన్నకోడలికి కబురొచ్చింది, సూపర్‌వైజరుగా రమ్మని. “మెట్ల కింద ఎలుకలున్నాయిట, నాకు భయం” అని చెప్పి పంపింది. ఆ జవాబు విని కాపలా తాత వారంపాటు నవ్వాడట.

తోటికోడళ్ళిద్దరూ మళ్ళీ ఎదురుపడింది అత్తగారి కంటి ఆపరేషన్‌కి. ఆసుపత్రి గదిలో మంచానికి చెరోవైపు కూర్చున్నారు. అత్తగారు నిద్రలో ఉంది. పెద్దకోడలు గొంతు తగ్గించి అడిగింది.

“నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“తెలిసే చెప్పావా?”

“తెలిసే చెప్పాను. చిక్కగా పొయ్యమన్నది కూడా తెలిసే.”

“పైన దేవుడు చూస్తుంటాడే.”

“చూడనీ అక్కా. నేను నీ భుజమ్మీద ఏడ్చినప్పుడు కూడా చూసే ఉంటాడు.”

పెద్దకోడలు మొహం కిటికీవైపు తిప్పుకుంది. అక్క ఇంకేదైనా అంటే బావుండునని చిన్నకోడలు ఎదురుచూసింది. ఇన్నాళ్ళూ ఈ క్షణం కోసం ఎన్ని మాటలు కూడబెట్టుకుందో! ఇప్పుడు వెతికితే ఒక్కటీ చేతికి తగల్లేదు. జాలి మాత్రం కాదు. ఎంత తడుముకున్నా జాలి కనిపించలేదు.

“ఎవరర్రా గుసగుసలాడేది?” అంది అత్తగారు కళ్ళకి కట్టుతోనే.

“ఏం లేదత్తయ్యా, మందు వేళయింది” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మర్నాటి నుంచి వంతులు పెట్టుకున్నారు. ఒకరు మెట్లెక్కే వేళకి ఇంకొకరు దిగిపోయి ఉండేలా.