ఎగరడానికెన్ని మాటలు

ఎగరడానికి ఇంగ్లిషులో మానసకు తెలిసిన మాట ఒక్కటే, ఫ్లై. విమానంలో క్యాబిన్ క్రూ ఉద్యోగానికి వెళ్లినప్పుడు, ‘పక్షులు’ అని విషయం ఇచ్చి రెండు నిమిషాలు ఇంగ్లిషులో మాట్లాడమన్నారట. ఆమె పక్షులన్నీ ఫ్లై అయి, మళ్లీ ఫ్లై అయి, అక్కడితో ఆగిపోయాయట. వయసు పరిమితి దగ్గరపడింది. మరొక్క ఎంపికకు మాత్రమే వెళ్లే వీలుంది. ఆమె తండ్రి చంద్రమౌళికి హనుమకొండ చౌరస్తా దగ్గర కిరాణా దుకాణం. వాళ్ల ఇంటి పై అంతస్తులో నేను అద్దెకుంటున్నాను. కాలేజీలో ఇంగ్లిషు చెప్పి రిటైరైనవాణ్ని గనుక పుస్తకం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

డాబా మీద కూర్చుని, ఆకాశంలో కనిపించిన వాటితోనే పాఠం మొదలుపెట్టాను. రెక్క ఆడించకుండా గాలి మీద జారిపోయే గద్ద గ్లైడ్ చేస్తుంది. వేడిగాలి ఆసరాతో పైపైకి పోతే సోర్. కోడిపిల్ల మీదికి విరుచుకుపడితే స్వూప్. పావురం రెక్కలు టపటపలాడిస్తే ఫ్లటర్. తూనీగ గాలిలో ఒకేచోట నిలబడితే హోవర్. ఈ మాటలనే నేల మీదికి దించితే ధరలు సోర్ అవుతాయి, పోలీసులు జూదగాళ్ల మీదికి స్వూప్ చేస్తారు, పరీక్ష గది ముందు గుండె ఫ్లటర్ అవుతుంది. ఈ అలవాటు మనకూ ఉన్నదేనని చెప్పాను. మన ధరలకు రెక్కలొస్తాయి, కోపం వచ్చినవాడు ఎగిరిపడతాడు.

“మరి హోవర్‌కు నేల మీద ఏమున్నది సార్?”

“ఒకరి చుట్టూనే తచ్చాడుతూ ఉండటం.”

“గట్లయితే మా నాయనమ్మ. నేను ఫోన్ పట్టుకుంటే చాలు, ఫ్యాన్ తీర్గ నెత్తి మీదనే ఉంటది.”

“ఫ్యాన్ హోవర్ చేయదు.”

“మీరు మా నాయనమ్మను సరిగ చూడలే సార్.”

వేసవి ముగిసేసరికి, ఏ క్రియనూ రెండుసార్లు వాడకుండా పక్షుల గురించి నిలకడగా మాట్లాడగలిగింది. తప్పు దొరుకుతుందేమోనని విన్నాను. దొరకలేదు.

ఎంపిక సికింద్రాబాదులో. ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి రానివ్వరు. వేళకు చేర్చే రైలు కాజీపేటలో తెల్లవారుజామున ఒక్కటే ఉంది. ఆ ఉదయం ఆటో వాకిట్లోకి రాగానే మానస కింది నుంచి పిలిచింది, “సార్, ఒక్కసారి దిగి రండి, పోయొస్త.” దుకాణం మిర్చి బస్తాలు ఎప్పటిలాగే మెట్ల పక్కనే ఉన్నాయి. ఆఖరి మెట్టు దిగుతూనే తుమ్మాను. ఒక్కసారే.

మానస కాలు గడప దగ్గర ఆగిపోయింది.

“ఒంటి తుమ్ము,” అంది నాయనమ్మ. “లోపటికొచ్చి కూసో బిడ్డా. మంచినీళ్లు తాగు.”

“అది మిర్చి ఘాటమ్మా. ముక్కులోకి పోతే ఎవరికైనా తుమ్మొస్తుంది.”

“మిర్చి దినాం ఉంటది. నువ్వు దినాం దిగుతవు. ఎన్నడన్న తుమ్మినవా సారూ?”

ప్రశ్న న్యాయమైనదే. ఎన్నడూ తుమ్మలేదు.

చంద్రమౌళి బ్యాగు కింద పెట్టాడు. “జరసేపే సార్. లేకుంటే అమ్మ పొద్దుందాక ఫికర్ చేస్తది.” అంతలో అతనికి ఒక ఉపాయం తోచింది. “పోనీ ఇంకోటి తుమ్మున్రి సార్. జంట తుమ్ములైతే మంచిదే.”

శకునాలు వట్టివని ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ని నేను. ఆ వాదన వినిపించడానికి వ్యవధి లేదు. తుమ్మడానికి క్షణం చాలు. బస్తా మీదికి వంగి గట్టిగా పీల్చాను. కళ్ల వెంట నీళ్లు కారాయి. తుమ్ము మాత్రం రాలేదు. మిరపకాయ తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చివరికి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, తుమ్మినట్టు నటించాను.

“గది దగ్గు,” అంది నాయనమ్మ. “నాతోని పరాచికాలా?”

బయట ఆటో అతను హారన్ కొట్టాడు. “వస్తాన్రా, వేరే గిరాకి చూసుకోవాల్నా?”

మానస గ్లాసు పట్టుకొని కుర్చీ అంచున కూర్చుని ఉంది. “లే అమ్మా, రైలు పోతుంది,” అన్నాను. ఆమె నన్ను చూసింది, నాయనమ్మను చూసింది.

“జర ఆగుదాం సార్,” అంది తగ్గుగొంతుతో. “నాకు సుత మనసు ఒప్పుతలేదు.”

ముసలావిడ సరేననే దాకా ఆ గ్లాసులో నీళ్లు తగ్గడం చూస్తూ నిలబడ్డాను.

తండ్రీకూతుళ్లతో పాటు నేనూ ఆటో ఎక్కాను. కాజీపేటలో మెట్ల మీద పరుగెత్తి ప్లాట్‌ఫాం మీదికి దిగేసరికి ఆఖరి పెట్టె సిగ్నల్ దాటుతోంది. బస్సులో వెళ్లినా, కారులో వెళ్లినా ఇక వేళకు అందుకోలేం. చంద్రమౌళి ఇంటికి ఫోన్ చేసి, విని, జేబులో పెట్టుకున్నాడు.

“ఒంటి తుమ్ముకు పని కాదని చెప్తనే ఉంటి గదరా అంటాంది అమ్మ.” నింద లేదు ఆ గొంతులో. వాన పడేలా ఉందని చెప్పినట్టు చెప్పాడు.

“పని చెడింది తుమ్ము వల్ల కాదు చంద్రమౌళీ, కూర్చోవడం వల్ల.”

“గదే గద సార్. మీరు తుమ్మిన్రు, మేం కూసున్నం.”

మానస సిమెంటు బెంచీ మీద కూర్చుంది. ఉద్యోగం కోసం కుట్టించుకున్న కోటును మడిచి ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూడకుండానే అంది, “మీరు పైననే ఉంటే మంచిగుండు సార్.”

దిగి రమ్మని పిలిచింది తనే. అది గుర్తుచేయబుద్ధి కాలేదు. నేను దిగకపోయి ఉంటే ఆమె ఈపాటికి రైల్లో ఉండేది; అందులో మూఢనమ్మకమేమీ లేదు. ఆ మాటను ఎటునుంచి పరీక్షించి చూసినా ఖండించలేకపోయాను.