వదిన విన్న గొంతు

మా వదినకు కంప్యూటర్‌తో ఉన్న పని ఒక్కటే. వంటింటి పని తెమిలాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పోయిన మా అన్నయ్యను చూసుకోవడం. అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. కారు వెనక్కి తీయడం ఎలాగో చెబుతున్న చిన్న వీడియో ఒకటి ఆ స్కూలు వెబ్‌సైట్‌లో మిగిలింది. కదులుతూ, మాట్లాడుతూ ఉన్న అన్నయ్య ఇక ఎక్కడా లేడు.

మొన్న బ్రౌజర్ తనంతట తానే అప్‌డేట్ అయి, ఆ వీడియోను ఆడించే పాత ప్లగిన్‌ను గెంటేసింది. వీడియో ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా మిగిలింది. వదిన అన్నం మానేసింది.

"నీ లినక్సూ నువ్వూ! ఊళ్లో వాళ్ల కంప్యూటర్లన్నీ బాగుచేస్తావు, ఇంట్లో ఇదొక్కటి చెయ్యలేవా?" అంది.

"ప్లగిన్ల కాలం అయిపోయింది వదినా! వాటిని పట్టించుకునే నాథుడే లేడు!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా?

తల ప్రాణం తోకకొచ్చింది గానీ, చివరికి ప్లగిన్ అక్కర్లేకుండానే ఆ వీడియోను దించి, కొత్త ప్లేయర్‌లో పెట్టాను. హెడ్‌ఫోన్లు పీకి స్పీకర్లు తగిలించాను.

"అద్దం చూడండి బాబూ, నా మొహం కాదు!" అన్నాడు అన్నయ్య.

అదే సన్నటి గొంతు. చిన్నప్పుడు పిల్లికూత అని నేను ఏడిపించిన గొంతు. ఏడుపు తన్నుకొచ్చింది నాకు.

వదిన మాత్రం బెదిరిపోయి చూసింది. "ఇదెవరి గొంతే?"

"అయ్యో, అన్నయ్యదే వదినా!"

"కాదు. ఆయనది బరువైన గొంతు. నాకు తెలీదూ?"

అప్పుడు వెలిగింది. ఎవరో పుణ్యాత్ములు ఊరికే రాసిపెట్టిన ఆ పాత ప్లగిన్ వీడియోను కాస్త నెమ్మదిగా నడిపేది, దాంతో గొంతు బరువెక్కేది. వదిన ఎప్పుడూ ఒక్కతే వినేది, నాకు తెలిసే దారే లేదు. ఏళ్ల తరబడి రోజూ విని విని, కాపురం చేసిన మనిషి గొంతునే మరిచిపోయింది పిచ్చితల్లి.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆయన్ని తీసుకురావే, నీకు పుణ్యముంటుంది."

వేగం తగ్గించాను. ఎవరో పరాయి మనిషి బొంగురుగా మాట్లాడసాగాడు. వదిన మొహం విచ్చుకుంది.

"ఆఁ, ఇదీ మీ అన్నయ్య! మరి నువ్వెందుకే ఏడుస్తావు?"

"సంతోషంతో వదినా" అన్నాను.

మా అన్నయ్య గొంతు ఎలా ఉండేదో ఇక ఈ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.