బెరడు తీయని పుల్ల

మా ఇంటి బుట్టల్లో ఒక పుల్లకు బెరడు తీయం. మిగతా విల్లో చెట్టు పుల్లలన్నీ నానబెట్టి, ఒలిచి, తెల్లబడేదాకా ఆరబెడతాం. పిడి పక్కన మూడో పుల్ల మాత్రం చెట్టు మీద ఉన్నట్టే గోధుమరంగులో ఉండిపోతుంది. కొత్తగా కొనేవాళ్ళు అది పొరపాటనుకుని వేరే బుట్ట చూపించమంటారు. అప్పుడు మా నాన్న ఒవిలా ఒంటికాలి మీద లేస్తాడు.

"అది రాజుగారి గుర్తు! పొరపాటంట, పొరపాటు!"

రాజుగారి కథ మా వాబెర్ వంశంలో అందరికీ కంఠతా వచ్చు. మా మూలపురుషుడు ఎతియెన్ ఫ్రాన్సు రాజుగారి వంటింటికి బుట్టలు అల్లేవాడట. ఆయన ఓడెక్కి కెనడాలోని ఈ క్యుబెక్‌కు వస్తుంటే, రాజుగారే ఆ గోధుమరంగు పుల్లను గుర్తుగా వాడుకోమన్నాడట. మూడు వందల ఏళ్ళుగా ఈ నది ఒడ్డున అల్లిన ప్రతి బుట్టతో పాటు ఈ గొప్ప కూడా అమ్ముతూనే ఉన్నాం.

నేను ఆ వంశంలో పుట్టలేదు. నాలుగేళ్ళప్పుడు నన్ను అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్నారు. ఈ సంగతి నా దగ్గర ఎవరూ దాచలేదు. మా పెదనాన్న కూతురు రెజాన్ అక్కయితే అసలే దాచలేదు.

ఆ ఏడు వాబెర్లందరూ కలిసే ఉత్సవం మా ఊళ్ళో పెట్టారు. వంశవృక్షం పుస్తకం అచ్చువేయించే పని రెజాన్ అక్క నెత్తిన వేసుకుంది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మా వంటింట్లో కూర్చుని, బఠాణీల సూపు తాగుతూ సంగతి బయటపెట్టింది.

"రక్తసంబంధం ఉన్నవాళ్ళే చెట్టు మీదుంటారు. మన వాబెర్ల సంఘం రూలు. నీ పేరు పేజీ అడుగున చిన్నక్షరాల్లో వేయిస్తాలే గిలేన్, ఏమనుకోకు."

"ఏమనుకుంటానక్కా? ఇంతమంది వాబెర్లలో ఇప్పుడు బుట్ట అల్లేది నేనొక్కదాన్నే. కళ్ళద్దాలు పెట్టుకుని వెతుక్కుంటాలే."

నాన్న గిన్నె పక్కకు నెట్టేశాడు. "దాని పేరు చెట్టు మీద లేకపోతే నా పేరూ తీసెయ్. నేను ఉత్సవానికి రాను."

"రూలు నేను పెట్టానా బాబాయ్?"

నాన్నకు ఎనభై ఎనిమిదేళ్ళు. ఆ ఉత్సవం కోసం కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు. ఆయన గిన్నె వైపే చూస్తూ కూర్చున్నాడు. నా పేరు ఎక్కడుంటే ఏం గానీ, ఆయన నా మూలంగా తన వాళ్ళకు దూరంగా ఇంట్లో కూర్చోవడం మాత్రం నేను భరించలేను.

రెజాన్ అక్క చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. పుస్తకం మొదటి పేజీ ఖాళీగా ఉందట. ఎతియెన్ తండ్రి పేరు తెలియదు. పాత ఓడ జాబితాలో ఫ్రాన్సులో ఆయన ఊరి పేరు దొరికింది, సెంట్-ఓర్వెన్ అని. ఆ ఊళ్ళో ఇప్పటికీ బుట్టలు అల్లుతారు.

"నువ్వయితే ఆ పనివాళ్ళతో కలిసిపోతావు. వెళ్ళి కనుక్కురా. ఖర్చులు సంఘం పెట్టుకుంటుంది."

చెట్టు మీద నాకు చోటు లేదు గానీ, దాని వేరు వెతకడానికి నేను కావాలి! "వెళ్ళిరా తల్లీ, నా బదులు చూసిరా," అన్నాడు నాన్న. అందుకే వెళ్ళాను.

సెంట్-ఓర్వెన్‌లో అందరికంటే పెద్ద పనిమంతురాలు అర్మెల్ అనే ముసలావిడ. వాకిట్లో తొట్టి ముందు కూర్చుని పుల్లలు నానబెడుతోంది. ఏమీ చెప్పకుండా నా బుట్ట ఆమె ఒళ్ళో పెట్టాను. ఆవిడ అడుగు తడిమింది, పిడి లాగి చూసింది. మూడో పుల్ల దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"మీ ఇంట్లో తెచ్చి పెంచుకున్న బిడ్డ ఎవరమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రం దాటి వచ్చినా ఈ ప్రశ్న తప్పలేదు. "నేనే. ఏం, మొహాన రాసుందా?"

"మొహాన కాదే పిచ్చిదానా, బుట్ట మీదుంది." తడిచేత్తో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "మా నది పొంగినప్పుడల్లా దిక్కులేని పిల్లలు మిగిలేవాళ్ళు. బుట్టలవాళ్ళు తెచ్చుకుని సాకేవాళ్ళు. ఆ పిల్లలు పని నేర్చుకున్నాక ఒక పుల్ల బెరడుతోనే అల్లేవాళ్ళు. ఎట్లా వచ్చామో అట్లాగే ఇందులో కలిసిపోయాం అని చెప్పుకోవడం అది. నీ పుల్ల బాగా కుదిరింది."

"ఇది నా ఒక్కదానిదే కాదండీ. మా నాన్న అల్లేవాడు. ఆయన తాత అల్లాడు. పది తరాల నుంచీ ఇంతే."

"పది తరాలా! వచ్చినవాడొక్కడే అల్లాలి, వాడి పిల్లలకి అక్కర్లేదు. ఇంక చాలని మీవాళ్ళకి చెప్పే దిక్కే లేకపోయిందా?"

"రాజుగారి గుర్తని చెప్పుకున్నారు."

"ఏ రాజు?" అని ఆవిడ దగ్గు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చేసింది.

మర్నాడు ఆవిడే నన్ను పాత రికార్డులుండే ఊరి కచేరీకి తీసుకెళ్ళింది. చర్చి పాత పుస్తకంలో 1671 నాటి నాలుగు వరుసలు దొరికాయి. వరద తీశాక గట్టు మీద దొరికిన మగశిశువు. తల్లిదండ్రులు తెలియదు. బుట్టలల్లే విధవరాలు పెరీన్ వాబెర్ తన బిడ్డగా తీసుకుని, ఎతియెన్ అని పేరు పెట్టించింది.

ఆ విధవరాలికి తన తిండే కష్టంగా ఉండి ఉంటుంది. బురదలో దొరికిన పిల్లవాణ్ణి ఎందుకు ఎత్తుకుందో ఎవరికీ తెలియదు. ఆవిడ ఎత్తుకోకపోతే నాన్న లేడు, నాన్న లేకపోతే నన్ను తెచ్చుకునేవాళ్ళు లేరు. ఆ పేరు మీద చెయ్యి పెట్టి దండం పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక, ఆ పేజీ నకలు వంటింటి బల్ల మీద పెట్టి అర్మెల్ చెప్పిందంతా చెప్పాను. రెజాన్ అక్క రెండుసార్లు చదివింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది అచ్చు వేయించాలంటావా?"

"వేయించక్కా. మీ రూలు ప్రకారం ఎతియెన్ తాత పేరు చిన్నక్షరాల్లో వెయ్యి. మిగతా అందరం ఆయన కిందే కదా, ఇంకా చిన్నక్షరాలు దొరుకుతాయేమో చూడు."

నాన్న బల్ల చరిచి నవ్వాడు. రెజాన్ అక్క మూతి ముడుచుకుని, కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా వెళ్ళిపోయింది.

నాలుగో రోజు తనే వచ్చింది. అచ్చుకు వెళ్ళే కాగితం నా ముందు పరిచింది. అన్నిటికంటే పైన పెరీన్ వాబెర్ పేరు ఉంది. ఆవిడ కింద ఎతియెన్. చివరి వరుసల్లో ఒవిలా, ఆయన కింద గిలేన్.

"అక్షరాలన్నీ ఒకే సైజు," అంది నా వైపు చూడకుండా. "నీకు కళ్ళద్దాలు అక్కర్లేదు."

ఆమె వెళ్ళాక నాన్న, నేనూ కిటికీ దగ్గర కూర్చున్నాం. నా చేతిలో సగం అల్లిన బుట్ట ఉంది. నా తొమ్మిదో ఏట మొదటి బుట్ట అల్లినప్పుడు ఆ గోధుమరంగు పుల్లను ఏరి నా చేతిలో పెట్టింది ఆయనే. రాజుగారి గుర్తు అనుకునే ఇచ్చాడు. నాకు చెందాల్సిందే ఇచ్చాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు నాన్నా. నన్ను తెచ్చుకున్నందుకు థాంక్స్."

నాన్న వంగి బుట్టను తడిమి చూశాడు.

"సర్లే. మూడో పుల్ల వదులుగా ఉంది, బిగించు."

బిగించాను.