బల్లకట్టు అడుగున

చేపలు పట్టేవాళ్ల క్లబ్బులో సీజనుకు ముందు రేవు బాగుచేసే పని ఏటా అన్నదమ్ములిద్దరూ చేసేవారు. తమ్ముడు వడ్రంగి, అన్న రంగులవాడు. ఈసారి అన్నకు నడుం పట్టేసి మంచం దిగలేకపోవడంతో రంగు డబ్బాలు అతని భార్య చేతికొచ్చాయి. ఆమెకు చేపల వాసనంటేనే గిట్టదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ వచ్చింది.

పడవలన్నీ ఒడ్డున బోర్లా ఉన్నాయి. వడ్రంగి వాటి బీటలు పూడుస్తుంటే వదిన పాత రంగు గీకుతోంది. అతని నోరు ఉలికంటే ఎక్కువ పనిచేస్తుంది.

"ఆ బీట దగ్గర ఇంకాస్త గట్టిగా గీకు వదినా."

"మీ అన్నతో ఇన్నేళ్లు వేగినదాన్ని. బీటలు ఎలా పూడ్చాలో నువ్వు నాకు చెప్పాలా?"

పడవలయ్యాక బల్లకట్ల పని. డ్రమ్ముల మీద తేలే చెక్క బల్లకట్లు మూడున్నాయి. ఒక్కోదాన్నీ గొలుసు కప్పీతో ఒక పక్కకు ఎత్తి, అడుగున పాచి గీకి, తుప్పు పట్టిన డ్రమ్ములు మార్చాలి. "ఆదివారానికి మూడూ తళతళలాడాలి" అని క్లబ్బు ప్రెసిడెంటమ్మ పొద్దున్నే హెచ్చరించి వెళ్లింది. మొదటి రెండింటి కింద పాచి తప్ప ఏమీ లేదు.

మూడోది లేచింది. నీళ్లు జలజలా కారిపోయాయి. గీకుడు కత్తి ఎత్తిన వడ్రంగి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఎవరి వలో చిక్కుకున్నట్టుందే" అంటూ వదిన దగ్గరికొచ్చింది.

వల కాదు. దూలాల నుంచి డ్రమ్ముల దాకా, అడుగంతా చేపగుడ్లు. గాజుపూసలు గుచ్చి అల్లిన తెరల్లా వేలాడుతున్నాయి. ఒక్కో పూసలో రెండు నల్లటి చుక్కలు. ఆమె ముక్కుగుడ్డ కిందికి లాగి, మొహం దగ్గరగా పెట్టింది. చుక్కలు కదిలాయి. ఆ ఒక్కదానిలోనే కాదు, చూసినంతమేరా కదులుతున్నాయి.

"ఇవి కళ్లురా అబ్బాయ్" అంది మెల్లగా. "ఇన్నీ కళ్లే."

వడ్రంగి బల్లకట్టును దించుదామని గొలుసు లాగాడు. రాలేదు. ఒక కొక్కెం కప్పీలో అడ్డం తిరిగి బిగుసుకుంది.

"గొలుసు తెంపెయ్."

"తెంపితే బల్లకట్టు ఒక్కసారే పడుతుంది వదినా. అన్నీ చితికిపోతాయి."

మిట్టమధ్యాహ్నపు ఎండ. అంచున ఉన్న పూసలు అప్పుడే మెరుపు తగ్గి ముడుచుకుంటున్నాయి. వదిన పడవలో నీళ్లు తోడే డబ్బా అందుకుని, బట్టలతోనే నడుం లోతు నీళ్లలోకి దిగి, పైకి చల్లడం మొదలుపెట్టింది. వడ్రంగి గడ్డపారతో కొక్కేన్ని ఒత్తుతూ పళ్లు బిగించాడు.

పని ఎందుకు ఆగిందో అడగడానికి ప్రెసిడెంటమ్మ వచ్చింది. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. చెప్పులు విడిచి, రంగు అంటని బకెట్టొకటి వెతుక్కుని తనూ నీళ్లలోకి దిగింది. ఆడవాళ్లిద్దరూ చేతులు పడిపోయేదాకా చల్లారు.

చివరికి కొక్కెం కిర్రుమని జారింది. వడ్రంగి గొలుసును పిడికెడు పిడికెడుగా వదిలాడు. నిద్రపోతున్న బిడ్డను పక్క మీద పడుకోబెట్టినట్టు బల్లకట్టు నీటి మీద ఒదిగింది.

"ముప్పై ఏళ్లుగా చేపలు పడుతున్నాను" అంది ప్రెసిడెంటమ్మ, తడిసిన చేతులు చూసుకుంటూ. "గుడ్లు పెడతాయని తెలుసు. చూడ్డం ఇదే మొదటిసారి."

ఆదివారం రెండు బల్లకట్లే తెరిచారు. మూడోదాని మీదికి ఎవరూ ఎక్కకుండా అడ్డంగా తాడు కట్టేశారు. సణిగిన సభ్యులను ప్రెసిడెంటమ్మ ఒక్కొక్కరిగా తీసుకెళ్లి, చెక్కల మీద బోర్లా పడుకోబెట్టి, సందులోంచి చూపించింది. లేచినవాళ్లు ఎవరూ మళ్లీ సణగలేదు.

తరువాత ఒకరోజు పొద్దున్నే వదిన ఒక్కతే వచ్చింది. బల్లకట్టు అంచున పడుకుని తొంగిచూసింది. తెరలు చిరిగి ఖాళీ అయ్యాయి. వాటి కింద, ఎండ పడిన చోటల్లా, కళ్లున్న దారప్పోగుల్లాంటి చేపపిల్లలు. ఎటు తిరిగినా అన్నీ కలిసే తిరుగుతున్నాయి. ఆమె అరచెయ్యి నీళ్లలో ముంచింది. అవి చప్పున విడిపోయి, వేళ్ల చుట్టూ మళ్లీ కలుసుకున్నాయి. చెయ్యి తీయబుద్ధి కాక, చలికి తిమ్మిరెక్కేదాకా అలాగే ఉంచింది.