పాప పక్కన సున్న

నేను ఒక సున్నను. లెక్కల్లో గుండు సున్నా అని వెక్కిరిస్తారే, దాన్ని కాను. అక్షరం పక్కన నిలబడే సున్నను, సీసంతో పోతపోసిన అచ్చు ముక్కను. నేనుంటే పండగ, లేకపోతే పడగ. ఇంత చాకిరీ చేస్తున్నా నన్ను అక్షరాల్లో లెక్కేసిన మానవుడు లేడు. పోనీలెండి, అలవాటైపోయింది.

పుట్టింది మద్రాసులో, అచ్చక్షరాలు పోసే కార్ఖానాలో. నాలాంటి సున్నలతో కలిసి కాగితం పొట్లంలో ఏలూరు చేరాను. అప్పటికి పవరుపేటలో ఒక సందు చివర ప్రెస్సు ఉండేది. గళ్లగళ్ల చెక్క కేసులో గడికో అక్షరం కాపురం. తెలుగువాళ్లకు నేను లేనిదే మాట సాగదు కాబట్టి నా గడి చేతికి అందే చోటే ఉండేది. పక్క గడిలో ఖాళీలు. అంటే మాటకూ మాటకూ మధ్య పెట్టే పొట్టి ముక్కలు. వాటికి ముఖం ఉండదు, అచ్చులో కనిపించవు.

అక్షరాలు పేర్చేవాడు ఏసోబు. ముప్పై ఏళ్ల పనివాడు, కేసు వంక చూడకుండానే ఏరేవాడు. సీసం పట్టీ పట్టీ వేలికొసలు మొద్దుబారాయని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే పనిలోంచి తీసేస్తారు. ఊళ్లో అందరికీ అతను ఒరే ఏసోబు. గారూ అని పిలిచింది ఒక్క హైమవతి.

హైమవతి ప్లీడరు గోపాలరత్నం గారి భార్య. పద్యాలు రాస్తుంది. ఆ మాట ఊళ్లో చాటుగా, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు చెప్పేవారు. ఆమెకు ఎనిమిది నెలల పాప ఉండేది. ఒకనాడు పాపకు ఒళ్లు కాలిపోతుంటే డాక్టరును పిలిపించమని పొద్దున్నుంచీ భర్తను బతిమాలింది. కోర్టు నుంచి వచ్చాక చూద్దామన్నారాయన. ఆయన వచ్చేసరికి పాప లేదు. వారం తిరక్కుండా ఊరంతా ఒకటే మాట: తల్లి పద్యం రాసుకుంటూ కూర్చుందట, పిల్లను చూసుకోలేదట. ఆ మాట ఎక్కడ పుట్టిందో హైమవతికి తెలుసు. ఆమె అన్నం మానేసింది, నిద్ర మానేసింది, రాయడం మాత్రం మానలేదు. విశాఖపట్నం పిచ్చాసుపత్రిలో చేర్పించాలని అత్తగారు పట్టుబట్టారు. పుస్తకం అచ్చయితే ఈ పైత్యం వదులుతుందేమో, అప్పటికీ వదలకపోతే చూద్దామని ప్లీడరు గారు ఒప్పుకున్నారు.

ప్రూఫులు దిద్దడానికి ఆమె ప్రెస్సుకే వచ్చేది. ఎముకల మీద చీర చుట్టినట్టుండేది.

“ఇది బయటికొస్తే చాలండీ, ఏసోబు గారూ,” అంది ఒకసారి. “నేను నోటితో చెబితే పిచ్చి అంటున్నారు. అచ్చులో ఉంటే వింటారేమో.”

ఆ రోజే నేను ఏసోబు చేతిలోంచి జారి నేలమీద పడ్డాను. అతను చూసుకోలేదు. ఆమె చూసింది. గబుక్కున కాలు వెనక్కి తీసుకుని నన్ను ఏరి, కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుంది. “అక్షరం తొక్కకూడదు కదా,” అంది. నా బతుకులో నన్ను అక్షరమన్నది ఆవిడ ఒక్కతే. తరువాత చేతికందిన గడిలో మెల్లగా వేసింది.

అది నా గడి కాదు. ఖాళీలది.

అరవాలనిపించింది. సున్నకు గొంతేదీ? పక్కన అక్షరం ఉంటేనే నాకు శబ్దం.

వెళ్లేముందు ఆమె ఆఖరి పద్యంలో ఒక్క మాట మార్చింది. బిడ్డ అన్నది కొట్టేసి పాప అని రాసింది. ఇంట్లో అలాగే పిలిచేవారట. ఇప్పుడు పద్యం చివర ఇలా ఉండాలి:

జ్వరం చూసినవారు లేరు,
గడియారం చూసినవారున్నారు.
ఇల్లు మీది, ఊరు మీది, మాట మీది.
పాప నాది.

ఆ చిన్న వరస నిండడానికి ఏసోబు పాప తరువాత రెండు ఖాళీలు పెట్టాడు. అందులో మొదటిది నేను. మామూలు వేలైతే నా ఎత్తు పట్టేసేది. ఆ వేలు పట్టలేదు.

దిద్దిన ప్రూఫు ఇంటికి వెళ్లింది. ఆవేళ హైమవతి మంచం దిగలేకపోయింది. ప్లీడరు గారు తీసుకుని, మొదటి పేజీలో తన ఇంటిపేరు తప్పు పడితే శ్రద్ధగా దిద్ది, మిగతాది తిప్పి చూడకుండా ‘అచ్చు వేయవచ్చు’ అని సంతకం పెట్టారు.

పుస్తకం వచ్చింది. ‘పాపం నాది’ అని వచ్చింది.

అంతవరకూ ఆమె పద్యం ఒక్కటీ చదవనివాళ్లు ఆ ఒక్క వరసా చదివారు. తానే ఒప్పుకుందిగా, ఇంకేం కావాలి అన్నారు. పదో రోజున ఆమెను విశాఖ రైలెక్కించారు.

అచ్చయ్యాక అక్షరాలు విడదీసి గళ్లలో వేస్తుంటే నేను ఏసోబు కంటబడ్డాను. అతను పీట మీద కూలబడి పెద్దగా ఏడ్చాడు. తరువాత తప్పొప్పుల పట్టిక పేర్చాడు, ఒకే ఒక్క తప్పుతో: ‘పాపం’ అని పడినచోట ‘పాప’ అని చదువుకోవాలి. అది పట్టుకుని ప్లీడరు గారింటికి వెళ్తే ఆయన అరుగు మీదే నిలబెట్టారు.

“ఇప్పుడు దేనికయ్యా? చదవాల్సినవాళ్లంతా చదివేశారు.”

ఏసోబు నన్ను జేబులో వేసుకుని విశాఖ వెళ్లాడు. కటకటాల అవతల హైమవతి జుట్టు కత్తిరించి ఉంది. డాక్టరు అడిగిన ప్రతిసారీ “పాప నాది” అని ఒకటే మాట చెబుతోందని, తప్పు ఒప్పుకోవడం లేదని ఆయా చెప్పింది. ఏసోబు అరచేతిలో నన్ను చూపించి చేతులు జోడించాడు.

“నా చేత్తోనే జరిగిందమ్మగారూ. ఖాళీల గడిలోకి ఇదెలా వచ్చిందో తెలీట్లేదండి.”

ఆమె నన్ను తీసుకుని చాలాసేపు చూసింది.

“కింద పడితే నేనే వేశానండీ అందులో,” అంది. “అయితే పుస్తకంలో పడ్డది తప్పు కాదన్నమాట.”

“అంత మాట అనకండమ్మా,” అన్నాడు ఏసోబు. ఆమె వినలేదు. నన్ను కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత డాక్టరు ఎన్నిసార్లు అడిగినా పాప నాది అనలేదు. మొండితనం తగ్గింది, గుణం కనిపిస్తోంది అని ఆయన కాగితంలో రాసుకున్నాడు. ఏసోబు అచ్చేసిన తప్పొప్పుల పట్టిక ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

పదకొండేళ్లు ఆ కొంగు ముడిలోనే ఉన్నాను. చీరలు మారాయి, ముడి మారలేదు. తొక్కకూడని అక్షరమని నన్ను కళ్లకద్దుకున్న మనిషిని నేను ఏం చేశానో రోజూ తలుచుకున్నాను.

ఆమె పోయిన పొద్దున ఆయా ముడి విప్పింది. బంగారమేమో అనుకుని వెలుతురుకు పట్టి చూసి, సీసమని తెలిసి చెత్తబుట్టలోకి విసిరింది. ఆ చెత్త చేరిన పాత ఇనుము కుప్పలోనే ఇప్పటికీ ఉన్నాను. విసిరేముందు మాత్రం ఆయా ఒక్క క్షణం ఆగింది.

“పాపం,” అంది, “ఏటి దాసుకుందో.”

జాలితోనే అంది. ఆ మాట చివరా నేనే ఉన్నాను.