పదిహేనుకే తెగిన బేరం

పెద్దపల్లి వడ్ల వ్యాపారి రాజేశం ఎదుటివాడు మొదట చెప్పిన లెక్కకు ఏనాడూ ఒప్పుకున్నవాడు కాదు. తెల్లవారుజామున పెళ్లి ముహూర్తం పెడితే, అయ్యగారితో వాదించి పొద్దెక్కాక మార్పించుకున్న మనిషి. అలాంటివాడికి హైదరాబాదు పెద్ద దవాఖానలో డాక్టరు ఒక లెక్క చెప్పాడు. భార్య బాలలక్ష్మి బుగ్గలో ఉన్నది క్యాన్సరు పుండు; ఇరవై అయిదు సార్లు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి.

ఇరవై అయిదు అన్నాడంటే పదిహేనుకు తెగుతుందని రాజేశం అక్కడే మనసులో కోసేసుకున్నాడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయన నేర్చిన శాస్త్రం అదొక్కటే.

పదిహేనోసారి అయ్యేసరికి పుండు పైన ఎండింది. కానీ నోరంతా పూసి, మంచినీళ్లు తాగినా మంటే. వచ్చే లాభం వచ్చింది, ఇక మిగిలేది నష్టమేనని తేల్చి, డాక్టరుకు చెప్పకుండా భార్యను రైలెక్కించాడు. దవాఖానవాళ్లు మొదట్లోనే ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. రాజేశానికి తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు. ఇంగ్లీషు రాదు. రాదని చెప్పడం అసలే రాదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దుకాణంలో లక్ష్మీదేవి పటం వెనుక దోపి, రోజూ అగరుబత్తి వెలిగించాడు. ఊళ్లో అడిగినవాళ్లకు పన్ను నొప్పి అని చెప్పాడు.

వారం తిరిగేసరికి బాలలక్ష్మికి గంజి కూడా దిగడం లేదు. ఆ రోజు మిషన్ దవాఖాన నర్సు ఎలీసబెతు బియ్యం కొనడానికి దుకాణానికి వచ్చింది. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, లోపలి గింజ తీసి చూపిస్తే గాని కొనని మనిషి.

"సేటమ్మకు పన్ను నొప్పా? గా పన్నేదో నాకు జర చూపియ్యరాదు సేటూ!"

రాజేశం బియ్యం బస్తా మూతి విప్పబోయాడు. దుకాణం మూల కూర్చున్న బాలలక్ష్మి లేచి, పటం వెనుక నుంచి కాగితం తీసి నర్సు చేతిలో పెట్టింది.

ఎలీసబెతు రెండుసార్లు చదివింది. "ఇరవై అయిదు అని రాసిండ్రు. ఎన్ని చేయించిండ్రు?"

"పదిహేను," అన్నాడు రాజేశం.

"తక్కినయి?"

"బేరంల పోయినయి," అన్నది బాలలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"పుండు ఎండింది గదమ్మా! నోరు మండుడు మొదలైంది, ఇంకెందుకని..." అన్నాడు రాజేశం నర్సుతో.

"మండుతదని గీ కాగితంలనే రాసిండ్రు సేటూ. కరెంటు పెడితే అట్లనే అయితది, అయిపోయినంక మెల్లగ తగ్గుతది. ఉప్పునీళ్లు పుక్కిలియ్యాలె. సల్లారిన మెత్తటి గంజి, పాలు తాగాలె. కారం, జర్దా ముట్టొద్దు."

వారం రోజులుగా తాను మంటకు మందని తాగిస్తున్నది మిరియాల కషాయమని రాజేశం చెప్పలేదు. బాలలక్ష్మి చెప్పింది.

ఎలీసబెతు ఇనుప గొట్టం తీసి ఆయన ముందు పెట్టింది. "పైన ఎండి లోపల పచ్చిగున్న వడ్లు తెస్తే ఏమంటరు?"

"వాపసు పంపుత. లోపల పచ్చి ఉంటే బస్తా మొత్తం కాగి కుళ్లి..." రాజేశం భార్య బుగ్గ వైపు చూశాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడికైనా తెలిసే మాట అది. "ఇప్పుడు పోతే పెడ్తరా?"

"డాక్టరే చూసి చెప్పాలె. నేను మాటియ్య. ఆలస్యమైనకొద్దీ కష్టం. రేపటి బండికే పోండ్రి, చెప్పకుండ వచ్చిన సంగతి దాయకుండ్రి."

"తిడ్తడేమో."

"తిట్లు గూడ తగ్గియ్యమని అడగకుండ్రి," అన్నది బాలలక్ష్మి.

మర్నాడు హైదరాబాదులో డాక్టరు నిజంగానే తిట్టాడు. పుండు చూసి, మిగిలిన పదికి తోడు ఇంకో రెండు, మొత్తం పన్నెండు అన్నాడు. నయమవుతుందో లేదో తరువాత చెబుతానన్నాడు. రాజేశం నోరు దానంతటదే తెరుచుకుంది. భార్య మోచేయి డొక్కలో తగిలింది.

"ఎక్కువైనా పర్వాలేదు సార్. కొసరు గూడ పెట్టుండ్రి," అన్నాడు.

"ఇది అంగడి కాదు. పన్నెండంటే పన్నెండే."

మొదట చెప్పిన లెక్కకు రాజేశం ఒప్పుకున్నాడు. జేబులోంచి వడ్ల చీటీ తీసి వెనక్కి తిప్పాడు. "సార్, నాకు ఇంగ్లీషు రాదు. ఏం తినాలె, ఏం తినొద్దు, ఎప్పుడు పరుగెత్తుకుంట రావాలె, తెలుగుల చెప్పుండ్రి, రాసుకుంట."

డాక్టరు చెప్పడం మొదలుపెట్టాడు. అర్థం కానిచోట రాజేశం మళ్లీ అడిగాడు. వెనుక వరుసలో ఆసిఫాబాదు ముసలాయన ఒకడు, చేతిలో నాలుగు మడతల కాగితంతో ముందుకు వంగాడు.

"జర గట్టిగ అడుగు సేటూ. మాకు గూడ ఇనవడాలె."